శాలువా కప్పుకున్న అంపైరు

"అమ్మా, మీరు నడుమ మాట్లాడకండ్రి. ఆయన నోటితోనే రానియ్యండ్రి," అన్నాడు రామ్‌దాస్.

స్నేహలత నోరు మూసుకుంది. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున నిజామాబాద్ నుంచి విచారణకు వచ్చిన మనిషి మాట. కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికి ఉంది?

లోపలి గదిలో మంచం మీద నాగేందర్ గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఎడమ కాలికి తొడ నుంచి పిక్క దాకా గట్టి పట్టీ. తల్లి దేవవ్వ మంచం కోడు దగ్గర కింద కూర్చొని, ఆ పట్టీ మీద వాలని ఈగను తోలుతోంది.

"మళ్ళొకసారి అడుగుతున్న నాగేందర్ గారూ. కోటగిరిల కబడ్డీ ఫైనల్ నడిచేటప్పుడు మీరు డ్యూటీ మీద ఉన్నరా, లేరా?"

"లేను సార్."

"మరి గ్రౌండ్ల ఎందుకున్నరు?"

"మెహమాన్‌గ ఉన్న, అతిథి లెక్క."

స్నేహలతకు ఒళ్లు మండిపోయింది. ఆట నడిపిస్తూ దెబ్బ తిన్న రెఫరీలకూ అంపైర్లకూ ఆపరేషన్ ఖర్చు కంపెనీ భరించేట్టు కబడ్డీ సంఘం ఈ ఏడే పాలసీ తీసుకుంది. "ఉన్న" అని ఒక్క మాట అంటే చాలు. ఆ ఒక్క మాట ఈ మనిషి నోట్లోంచి ఊడిపడటం లేదు.

రామ్‌దాస్ చల్లారిన చాయ్ పక్కకు జరిపాడు. "ఫైనల్‌కు ముందు విజిల్ ఎందుకు ఇచ్చేసిండ్రు?"

"కోటగిరి నా అత్తగారి ఊరు సార్. అత్తగారి ఊరోళ్ళు ఆడే ఆటకు అల్లుడు విజిల్ పట్టొద్దు."

"రూల్ బుక్కుల ఉందా?"

"బుక్కుల లేదు. మా దిక్కు అట్లనే నడుస్తది."

నిజమే, అట్లానే నడుస్తుంది. ఆ రోజు పొద్దుటి నుంచి అన్ని ఆటలూ నాగేందరే నడిపించాడు. ఫైనల్లో ధర్పల్లి మీద కోటగిరి దిగేసరికి విజిల్ మెడలోంచి తీసి, సంఘం సెక్రటరీ పరమేశ్వర్ చేతిలో పెట్టాడు. ఆ సంగతి మైకులో చెప్పారు. ఊరి పెద్దలు మురిసిపోయి అల్లుడికి ఎర్ర శాలువా కప్పి, షామియానా కింద సోఫాలో కూర్చోబెట్టారు. ఇంతవరకూ అందరూ ఒప్పుకునే కథే.

రామ్‌దాస్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఆఖరి రెయిడ్ వీడియో. కోటగిరి ఆటగాణ్ణి ముగ్గురు ధర్పల్లి పిల్లలు నడుము దగ్గరా కాళ్ల దగ్గరా పట్టేశారు. వాడు నడిమి గీత అందుకుందామని చెయ్యి చాపి పెనుగులాడుతున్నాడు. గీత కొసన ఒక మనిషి వంగి చూస్తున్నాడు. భుజాల మీద ఎర్ర శాలువా. కుడి చెయ్యి పైకి లేచింది. ఆ వెంటనే నలుగురూ దొర్లుకుంటూ వచ్చి అతని మోకాలి మీద పడ్డారు.

"శాలువా కప్పుకున్న అంపైరును నేనెక్కడ చూడలే," అన్నాడు రామ్‌దాస్. నవ్వాడో లేదో తెలియలేదు. "మెహమాన్ అయితే సోఫాల కూసోవాలె గద. గీత కాడికి ఎందుకొచ్చిండ్రు?"

"ఆట మంచిగుండె. దగ్గరికి పోయి చూసిన."

"చెయ్యెందుకు ఎత్తిండ్రు?"

"జోష్‌ల ఎత్తిన సార్. అందరెత్తిండ్రు."

"సెక్రటరీ గారు గూడ గిదే మాటన్నడు. మెహమాన్, జోష్. ఇద్దరి మాటా అక్షరం తేడా లేదు. నాకదే నచ్చుతలేదు." రామ్‌దాస్ లేచి బ్యాగు భుజాన వేసుకున్నాడు. "కోటగిరి పోయొస్త. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఒక్కసారి ఆగుత. ఈ దినం ఫైల్ కట్టేసుడే. ఉన్నరంటే ఉన్నట్టు, లేరంటే లేనట్టు."

స్కూటర్ చప్పుడు శక్కర్‌నగర్ గల్లీ మలుపు తిరిగిపోయింది. తర్వాత దేవవ్వ మొదలుపెట్టింది.

"మీదవడ్డదెవడు? సెప్పు, ఎవడు?"

"అత్తా, ఆ ముచ్చట మళ్ళ వద్దు."

"ఎందుకొద్దు? నీ తమ్ముడు గాదా? నలుగురున్నరు, నలుగుర్ల మోకాలు పెట్టి నా కొడుకు మోకాలు ఇరగ్గొట్టింది నీ తమ్ముడు. కాదను!"

"ఆటల పడ్డడు. కావాలని పడలే."

"పడ్డోడు ఒక్కసారన్న వచ్చి సూసిండా? బావా ఎట్లున్నవని ఫోన్ సేసిండా? నువ్వు సేస్తే ఎత్తుతున్నడా?"

తమ్ముడు శ్రావణ్ నిజంగానే ఫోన్ ఎత్తడం లేదు. రింగవుతుంది, ఆగిపోతుంది. ఒక్కగానొక్క తమ్ముడు, చేతులతో ఎత్తి పెంచిన పిల్లవాడు, అక్క పేరు స్క్రీన్ మీద చూసి ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాడని తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చేది. అత్త ముందు ఏడవడం ఇష్టం లేక వంటింట్లోకి పోయి కూరగాయలు తరిగేది.

దేవవ్వ గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్లింది. స్నేహలత మంచం పక్కన నిలబడింది.

"పరమేశ్వరన్న నీకేం చెప్పిండు?"

"ఏం చెప్తడు?"

"దవాఖానల మీ ఇద్దరు కలిసి నన్ను చాయ్ తెమ్మని పంపిండ్రు. తెచ్చేసరికి ఆయన కిటికీ దిక్కు చూస్తుండె, నువ్వు గోడ దిక్కు చూస్తుంటివి. గప్పుడే అనుకున్న, ఏదో నడిచిందని."

"నీకు అన్నీ అనుమానాలే."

"నువ్వు చేసే పనులట్లున్నయ్! డాక్టర్ ఏమన్నడో నువ్వినలేదా? మోకాలు లోపటి నరం తెగింది, ఆపరేషన్ జల్దీ చెయ్యకుంటే కాలు మీద బరువు నిలవదన్నడు. గ్యాస్ బండ భుజాన పెట్టుకొని మెట్లెట్ల ఎక్కుతవ్? ఏజెన్సీ సేటు అప్పుడే నీ ఆటో మీద ఇంకొకణ్ణి ఎక్కిచ్చిండు. ఎరుకేనా?"

నాగేందర్ కళ్లు ఒక్కసారి ఆమె మీదికి వచ్చి, మళ్లీ దిగిపోయాయి. ఆటో సంగతి అతనికి తెలియదు. చెప్పకూడదనే అనుకుంది, కోపంలో నోరు జారింది.

"మంచినీళ్ళు ఇయ్యి," అన్నాడు.

ఇచ్చింది. అతను తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ, "నేను డ్యూటీల లేను," అన్నాడు మళ్లీ, ఎవరూ అడగకుండానే.

ఆ మాటతో ఆమె అనుమానం రెట్టింపైంది. చెప్పులు వేసుకొని బయటపడింది.

పరమేశ్వర్‌కు బస్టాండ్ దగ్గర ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. స్నేహలత లోపల అడుగు పెట్టేసరికి అతను కంప్యూటర్ ముందు కూర్చొని, ఎవరిదో ముఖం చుట్టూ పూలదండ అతికిస్తున్నాడు. ఆమెను చూసి తెర మీద ఇంకేదో తెచ్చిపెట్టబోయాడు కానీ చెయ్యి ఆలస్యమైంది. ఆ ముఖం శ్రావణ్‌ది. కింద పెద్ద అక్షరాలు: జిల్లా జట్టుకు ఎంపికైన కోటగిరి ముద్దుబిడ్డ.

"ఇదేందన్నా?"

"నీకు చెప్పలేదా చెల్లే? నీ తమ్ముడు జిల్లా టీంల పడ్డడు. ఆ ఆఖరి రెయిడ్ చూసి తీసుకున్నరు. ముగ్గుర్ని ఈడ్చుకొచ్చి గీత ముట్టుడంటే మాటలా? ఒక్క రెయిడ్‌తోటి కప్పు గెలిపిచ్చిండు."

"నాకు చెప్పలే," అంది స్నేహలత. ఇంత మంచి కబురు అక్కకు చెప్పకుండా దాచుకునే పిల్లవాడు కాదు వాడు. దాచాడంటే ఏదో ఉంది.

పరమేశ్వర్ స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. దారి పొడవునా ఎట్లా అడగాలా అని నాలుగు రకాలుగా కూర్చుకుంది గానీ, ఇప్పుడు నోటికొచ్చింది ఐదో రకం. అబద్ధం.

"ఆయన నాకు అంతా చెప్పిండన్నా."

పరమేశ్వర్ ముఖం తేలికపడింది. "చెప్పిండా? బతికిచ్చిండు. నాకు నిద్ర పడ్తలేదు చెల్లే. నేనెందుకు అబద్ధమాడుత చెప్పు? వద్దన్నది ఆయననే గద."

స్నేహలత పెదవి కదపలేదు. కదిపితే దొరికిపోతుంది.

"రెండో అంపైర్ ఆఖర్ల కండ పట్టేసి కూలవడ్డడు. ఇంకెవలున్నరు? సోఫాల ఉన్న నాగేందర్ను నేనే పిలిచి గీత కాడ నిలవెట్టిన. అల్లుణ్ణి నిలవెట్టుడు తప్పే, ఒప్పుకుంట. కని ఆట ఆగొద్దు గద. శాలువా తీసే టైం గూడ లేకుండె. డ్యూటీనే, నూటికి నూరు పాళ్ళు డ్యూటీ. దవాఖానకొచ్చి గదే మాట చెప్పిన. సంఘం తరఫున రాసిస్త, ధర్పల్లోళ్ళు లొల్లి పెడితే పెట్టుకోనియ్యి అన్న. మీ ఆయన నా రెండు చేతులు పట్టుకొని ఏడ్సిండు. వద్దన్నా, నన్ను మెహమాన్ అనే చెప్పు అన్నడు."

"ఎందుకన్నడు?"

పరమేశ్వర్ అప్పుడు ఆమె ముఖం పరీక్షగా చూశాడు. బోల్తా పడ్డానని అర్థమైంది పాపం.

"అంతా చెప్పిండంటివి గద."

"అదొక్కటి చెప్పలే. ఎందుకన్నడు?"

"నేనడగలే చెల్లే," అన్నాడతను తెర వైపు తిరుగుతూ. "అడిగితే నాకు గూడ తెలుస్తది గద."

ఇంటికి ఆటోలో వస్తున్నంతసేపూ ఆమె మనసు ఒక్కచోట నిలవలేదు. ఇన్నాళ్లూ పరమేశ్వర్ మొగుణ్ణి మోసం చేస్తున్నాడనుకుంది. బెదిరించాడనుకుంది. సంఘంలో తన కుర్చీ కాపాడుకోవడానికి అమాయకుణ్ణి బలిపెడుతున్నాడని ఇరుగుపొరుగు దగ్గర అనను కూడా అంది. తీరా చూస్తే ఆ కాలు పోగొట్టుకుంటానని పంతం పట్టింది స్వయంగా తన మొగుడే. తనకు తాను ఇంత అన్యాయం చేసుకునేవాడు దేన్ని కాపాడుతున్నట్టు? ఎవర్ని కాపాడుతున్నట్టు? ఆ ప్రశ్నకు ఒక జవాబు మెల్లగా మెదిలింది. ఆమెకది నచ్చలేదు. చెరకు ట్రాక్టర్ అడ్డమొచ్చి ఆటో ఆగితే, డ్రైవర్‌ను ఊరికే కసురుకుంది.

ఇంటి ముందు శ్రావణ్ బైకు ఉంది.

ముందు గదిలో మిఠాయి డబ్బా బల్ల మీద మూత తియ్యకుండానే ఉంది. దేవవ్వ దాని వైపు వీపు పెట్టి కూర్చుంది. కోడల్ని చూడగానే లేచి, "వచ్చిండు మారాజు," అని ఒక్క మాట అని పెరట్లో అంట్లు తోమడానికి పోయింది. తోముతున్న చప్పుడు మామూలు కంటే గట్టిగా వినిపించింది.

లోపలి గదిలో శ్రావణ్ బావ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ, ఆమె అడుగు వినగానే ఆపేశారు.

"అక్కా, నేను జిల్లా టీంల..."

"ఎరుకే. ఫ్లెక్సీ చూసిన."

"రేపటి నుంచి నిజామాబాద్‌ల క్యాంపు. ఇడికెల్లి స్టేట్‌కు పోతే స్పోర్ట్స్ కోటాల నౌకరి..."

"ఫోన్ ఎందుకెత్తలే?"

"చార్జింగ్ లేకుండె."

"ఇన్ని దినాలా?"

శ్రావణ్ బూట్ల వైపు చూసుకున్నాడు. కొత్త బూట్లు. స్నేహలత తమ్ముణ్ణి వదిలేసి మొగుడి వైపు తిరిగింది.

"పరమేశ్వరన్న చెప్పిండు. నిన్ను గీత కాడ నిలవెట్టింది ఆయననే అని. ఇప్పుడు మెహమాన్ అంటే నేనూకోను. ఒక్కటే అడుగుత, సీదా చెప్పు. వీడు గీత ముట్టిండా?"

"అక్కా, పాయింట్ ఇచ్చిండ్రు గద, ఇప్పుడెందుకు..."

"నిన్నడుగుతలేను!"

పెరట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నాగేందర్ తల వెనక్కి గోడకు ఆనించాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నొప్పి కన్నీళ్లు కావని ఆమెకు తెలిసిపోయింది.

"ముట్టలే," అన్నాడు. "జానెడు దూరం ఉండె. పోరడు మస్తు కష్టపడ్డడు. అందలే."

"మరి చెయ్యెందుకెత్తినవ్?"

నాగేందర్ కాలి పట్టీ మీద చెయ్యి వేసుకున్నాడు.

"మన లగ్గమైనకాడికెల్లి మీ ఊర్ల నా పేరు ఎవలకన్న ఎరుకనా స్నేహా? బండలోడు. గ్యాస్ బండలోడొచ్చిండు, బండలోడు పోతున్నడు. మీ బాపు గూడ అట్లనే అంటుండె. ఆ దినం మైకుల అల్లుడు అన్నరు. నాగేందర్ గారు, మా ఊరి అల్లుడు అన్నరు. శాలువా కప్పి దండం పెట్టిండ్రు. గీత కాడికి పోయేసరికి అందరు నా చెయ్యి దిక్కే చూస్తున్నరు. చెయ్యి లేసింది." ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నేండ్ల సంది విజిల్ పట్టిన. ఒక్క తప్పు తీర్పు ఇయ్యలే. నేను డ్యూటీల ఉన్నట్టు రాస్తే, ఆ చెయ్యి తీర్పైతది. దొంగ తీర్పు. మెహమాన్‌నైతే, ఉట్టి చెయ్యి."

స్నేహలత మంచం అంచున కూర్చుంది. పుట్టింటికి పోయిన ప్రతిసారీ ఆ "బండలోడు" మాట ఆమె చెవినా పడింది. నవ్వులాట అనుకుని ఊరుకుంది. ఒక్కసారైనా "ఆయనకు పేరుంది" అని తండ్రికి ఎదురు చెప్పలేదు.

"నీకు ఎరుకేనా?" అంది తమ్ముడితో. "ముట్టలేదని నీకు ఎరుకే గద?"

శ్రావణ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"అందుకే ఫోన్ ఎత్తలే."

"బావ ఇచ్చిండు, నేను తీసుకున్న," అన్నాడు వాడు ఉక్రోషంగా. "నేనడిగిన్నా ఇయ్యమని? ఇప్పుడు తీర్పు తప్పంటే కప్పు పోతది, నా సెలెక్షన్ పోతది. బావకు మళ్ళ విజిల్ ఎవడిస్తడు? అందరం మునుగుతం. ఆపరేషన్‌కు ఏదో ఒకటి చేద్దం అక్కా."

"ఏం చేస్తవ్?"

వీధిలో స్కూటర్ ఆగింది.

"అమ్మా!" రామ్‌దాస్ పిలుపు.

నాగేందర్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మెహమాన్‌నే. అట్లనే ఉండనియ్యి."

ఆమె చెయ్యి విడిపించుకుని ముందు గదిలోకి వచ్చింది. వెనకాలే శ్రావణ్. రామ్‌దాస్ కుర్చీ లాక్కొని కూర్చొని, బల్ల మీది మిఠాయి డబ్బానూ, ఆ తర్వాత శ్రావణ్‌నూ చూశాడు. వీడియోలో చూసిన ముఖం గుర్తుపట్టినట్టే ఉంది.

"ఆయన మాట ఇంతకుముందే రాసుకున్న. మీరేమంటరమ్మా? ఫైల్ కట్టేయాల్నా?"

"సార్, ఆయన డ్యూటీలనే ఉన్నడు," అంది స్నేహలత. "పరమేశ్వరన్న నా ముంగట ఒప్పుకున్నడు. అల్లుడు గీత కాడ నిలవడ్డడంటే మాటొస్తదని మా ఆయన భయపడ్డడు. గంతే."

రామ్‌దాస్ తల ఊపాడు. చాలాసేపటి నుంచి ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నవాడిలా కనిపించాడు. "నేను గూడ అట్లనే అనుకున్న. అయితే ఆ చెయ్యి జోష్‌ల ఎత్తింది కాదు. తీర్పు ఇచ్చిండు. అవునా?"

"అవును సార్."

"ఒక్కటే మిగిలింది. కోటగిరి నుంచి వస్తుంటే ధర్పల్లోళ్ళు దారి నడుమ ఆపిండ్రు నన్ను. పోరడు గీత ముట్టలేదంటున్నరు. బావమరిదికోసం పాయింట్ ఇచ్చిండంటున్నరు. ఇది ఉత్త ప్రమాదమా, లోపల ఇంకేమన్న ఉందా అని కంపెనీ నన్నే అడుగుతది." అతను ఆమె కళ్లలోకి సూటిగా చూశాడు. "మీ ఆయన ఇచ్చిన తీర్పు సరైందేనా? మీకేం చెప్పిండు?"

"సరైందే" అనాలి. మూడక్షరాల మాట. ఆమె నోరు తెరిచింది. మొగుడి కాలు కావాలి ఆమెకు, తమ్ముడి ఆటా కావాలి. మాట మాత్రం గొంతు దాటడం లేదు.

లోపల మంచం కిర్రుమంది.

"సార్! ఆ మాట నన్నడుగు సార్!"

ఎవరూ కదలకముందే శ్రావణ్ వెనక్కి అడుగు వేసి, లోపలి గది తలుపు లాగి గొళ్లెం పెట్టాడు.

"ఎవలో పిలుస్తున్నరు?" అన్నాడు రామ్‌దాస్.

"టీవీ సార్."

తలుపు అవతల ఏదో దబ్బుమని పడింది. తర్వాత అరచేత్తో తలుపు మీద కొట్టిన చప్పుడు వినిపించింది. నేల దగ్గర నుంచి వస్తోంది ఆ చప్పుడు. మంచం దిగిన మనిషి నిలబడలేకపోయాడు. పెరట్లోంచి దేవవ్వ తడి చేతులతో పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

స్నేహలత గొళ్లెం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కింద శ్రావణ్ పిడికిలి బిగుసుకుని ఉంది.

"తియ్యకక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "ఇప్పుడు తీస్తే బావ కాలూ పోతది, నా ఆటా పోతది."

రామ్‌దాస్ కుర్చీలోంచి లేచాడు.

"స్నేహా," అన్నాడు నాగేందర్ తలుపు అవతలి నుంచి.

ఆమె తమ్ముడి వేళ్లను గొళ్లెం మీది నుంచి ఒక్కొక్కటిగా ఊడదీయసాగింది.